‘మెట్రోపాలిటన్’ పోయాక విశాఖలో కేసు ఏ కోర్టుకి: ఒక ఫైలు నడక

నమూనాకి ఒక ఫైలు తీసుకుందాం. పెందుర్తిలో ఉండే ఒక రిటైర్డ్ ఉద్యోగి సబ్బవరం దగ్గర స్థలం కోసం 2024 జనవరి నుంచి ఏప్రిల్ దాకా మూడు విడతల్లో 18 లక్షలు కట్టాడు. బేరసారాలు ద్వారకానగర్‌లోని ఒక ఆఫీసులో జరిగాయి. డబ్బు పెందుర్తి బ్యాంకు ఖాతాలోంచి వెళ్లింది. చూపించిన లింకు డాక్యుమెంటు (అమ్మేవాడికి హక్కు ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజు) దొంగదని జూలైలో ఈసీ, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించాక తెలిసింది. ఆగస్టు 12న పోలీసు రిపోర్టు ఇచ్చాడు. మనుషులూ తేదీలూ మొత్తాలూ ఊహించి పెట్టినవి. కోర్టుల లెక్క మాత్రం చట్టంలో ఉన్నదే.

ఇది మామూలు 420 కేసు. కానీ విశాఖలో ఇదే ఫైలు నాలుగైదు చోట్ల తప్పు గుమ్మం ఎక్కి తిరిగొచ్చే వీలుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. 2024 జూలై 1న నేర విచారణ చట్టం మారింది: క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) పోయి, మెట్రోపాలిటన్ కోర్టులు లేని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఈ రెండూ కలిసి పాత అలవాట్లన్నిటినీ అనుమానంలో పడేశాయి. కొత్తగా సన్నదు (వకీలు లైసెన్సు) తీసుకున్నవాళ్లే కాదు, పాతికేళ్ల గుమస్తాలు కూడా ‘ఇప్పుడు కాజ్ టైటిల్‌లో, అంటే పిటిషన్ తల మీద కోర్టు పేరుగా, ఏం రాయాలి’ అని అడుగుతున్నారంటే కారణం ఇదే.

మూడు కాగితాలు

ఏ క్రిమినల్ కోర్టుకైనా వెనక మూడు వేర్వేరు కాగితాలు ఉంటాయి. మొదటిది చట్టం. ఎలాంటి కోర్టులు ఉండొచ్చు, ఒక్కోదానికి ఎంత శిక్ష వేసే అధికారం అన్నది అందులో ఉంటుంది. రెండోది ప్రభుత్వ నోటిఫికేషన్. ఆ తరగతి కోర్టు ఫలానా ఊళ్లో పెడుతున్నాం అని హైకోర్టును సంప్రదించి గెజిట్లో ఇచ్చేది. మూడోది హైకోర్టు ఉత్తర్వు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, ఎప్పటినుంచి, అదనంగా ఏ కోర్టు ఇన్‌ఛార్జ్ అన్నది దాంట్లో ఉంటుంది.

గోడ మీది బోర్డు ఈ మూడింటిలో ఏదీ కాదు. బోర్డు చూసి అధికార పరిధి తేల్చుకోవడమే విశాఖలో జరిగే తప్పుల్లో సగానికి మూలం.

ఈ మూడు కాగితాలు మూడు చేతుల్లో ఉండడానికి రాజ్యాంగమే కారణం. సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల నిర్మాణం 42వ సవరణ తర్వాత ఉమ్మడి జాబితాలో 11ఎ అంశంగా చేరింది. కాబట్టి పార్లమెంటూ శాసనసభా రెండూ చట్టం చేయొచ్చు. జిల్లా జడ్జిని గవర్నర్ నియమించేది హైకోర్టు సంప్రదింపుతో, 233వ అధికరణ కింద. కింది జడ్జీల నియామకం 234 కింద. పోస్టింగు, బదిలీ, సెలవు, క్రమశిక్షణ అన్నీ 235 కింద హైకోర్టువి. సచివాలయంలో జీవో వచ్చినంత మాత్రాన కోర్టు పనిచేయదు, హైకోర్టు మనిషిని పంపాలి. హైకోర్టు మనిషిని పంపాలన్నా, ముందు అక్కడ కోర్టు అంటూ ఒకటి నోటిఫై అయి ఉండాలి.

నగరం విడి డివిజన్ ఎలా అయింది

1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన పాత సీఆర్‌పీసీలో 8వ సెక్షన్ ఉండేది. జనాభా 10 లక్షలు దాటిన నగరాన్ని రాష్ట్ర ప్రభుత్వం మెట్రోపాలిటన్ ప్రాంతంగా ప్రకటించవచ్చు. ప్రకటించాక 7వ సెక్షన్‌లోని ప్రొవైజో (అదనపు షరతు) తగులుతుంది: ఆ ప్రాంతం తనంతట తానే ఒక సెషన్స్ డివిజన్ (ఒక సెషన్స్ కోర్టు పరిధి), ఒక జిల్లా అవుతుంది. విశాఖ నగరానికి మెట్రోపాలిటన్ సెషన్స్ జడ్జి, చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్, మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్లు వచ్చింది అలా. నగరం బయటి స్టేషన్లకి విశాఖపట్నం సెషన్స్ డివిజన్, జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్లు. ఒకే రెవెన్యూ జిల్లాలో రెండు సెషన్స్ డివిజన్లన్నమాట.

అధికారంలో మాత్రం తేడా లేదు. మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్‌కి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలే. చీఫ్ మెట్రోపాలిటన్‌కి చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ అధికారాలే. పేరు పెద్దది, పవర్ అదే.

కొత్త సంహితలో, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, 6వ సెక్షన్ నాలుగు తరగతుల కోర్టులే చెబుతుంది: సెషన్స్ కోర్టు, ఫస్ట్ క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేట్, సెకండ్ క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేట్, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్. మెట్రోపాలిటన్ అనే మాట లేదు. 7లోని ఆ ప్రొవైజో తీసేశారు. పాత చట్టంలో ‘ప్రతి జిల్లాలో’ అన్న చోటల్లా పక్కనే ‘మెట్రోపాలిటన్ ప్రాంతం కానిచోట’ అని ఉండేది. 9, 10 సెక్షన్లలో ఆ తోక కూడా కత్తిరించారు.

అయితే నగరానికి విడిగా ఉన్న సెషన్స్ డివిజన్ ఆ రోజుతో మాయమైపోయిందా? లేదనే నా చదువు. రెండు కారణాలు. సంహిత 7(4) ప్రకారం అమల్లోకి వచ్చే నాటికి ఉన్న సెషన్స్ డివిజన్లు, జిల్లాలు ఈ సెక్షన్ కింద ఏర్పడినట్టే లెక్క. 531(2)(బి) ఇంకాస్త ముందుకెళ్లి పాత కోడ్ కింద వచ్చిన నోటిఫికేషన్లు, ఇచ్చిన అధికారాలు, నిర్ణయించిన స్థానిక పరిధులు, చేసిన నియామకాలు అన్నీ కొత్త చట్టంలో వాటికి సరిపోయే సెక్షన్ కింద చేసినట్టే భావించాలంటుంది. స్పెషల్ మేజిస్ట్రేట్ల నియామకాలకే మినహాయింపు. అంటే హద్దు గీత ఉంది, గీత లోపల కుర్చీ తరగతి మారింది. మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ కూర్చునే చోట ఇప్పుడు ఫస్ట్ క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేట్ ఉన్నట్టు, చీఫ్ మెట్రోపాలిటన్ చోట చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ ఉన్నట్టు చదవాలి. హద్దు మార్చాలంటే 7(2) కింద ప్రభుత్వం హైకోర్టును సంప్రదించి కొత్త నోటిఫికేషన్ ఇవ్వాలి. అది చేతిలో లేకుండా ‘మెట్రో పోయింది కాబట్టి అంతా జిల్లా ప్రిన్సిపల్ సెషన్స్ కోర్టుకే’ అనుకోవడం తప్పు దారి.

జిల్లా విభజనకీ ఇదే సూత్రం. సబ్బవరం, పరవాడ మండలాలు 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. కానీ ఆ విభజన 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద రెవెన్యూ పాలనకి చేసినది. సెషన్స్ డివిజన్ ఒక జిల్లా కావచ్చు, కొన్ని జిల్లాలు కలిపీ కావచ్చు అని 7(1) సూటిగా చెబుతోంది. కలెక్టరాఫీసు మారితే కోర్టు దానంతట అదే మారదు. కొత్త కలెక్టరేట్ బోర్డు చూసి బెయిల్ పిటిషన్ మీద ‘అనకాపల్లి సెషన్స్ డివిజన్’ అని టైపు చేసేవాళ్లు ఉన్నారు. పిటిషన్లు తీసుకునే కోర్టు ఆఫీసులో క్లర్కు తప్పని మొదట గీత గీసేది అక్కడే.

ఫైలు నడుస్తోంది

నేరం 2024 జనవరి–ఏప్రిల్ నాటిది. కాబట్టి సెక్షన్లు పాత ఐపీసీవి: 406 (నమ్మకద్రోహం), 420 (మోసం), 467 (విలువైన పత్రాల ఫోర్జరీ), 468 (మోసం కోసం ఫోర్జరీ), 471 (దొంగ పత్రాన్ని అసలుదిగా వాడడం). ఎఫ్‌ఐఆర్ ఆగస్టు 12న పడింది కాబట్టి నడిపే విధానం సంహితది. ఎఫ్‌ఐఆర్ 173 కింద, చార్జిషీటు 193 కింద. 531(2)(ఎ) కాపాడేది జూలై 1 నాటికే పెండింగులో ఉన్న దర్యాప్తును, విచారణను, అప్పీలును. జూన్ 30న రిపోర్టు నమోదై ఉంటే ఇదే ఫైలు దర్యాప్తు పాత కోడ్ మీదే నడిచేది. మెమోలో ఐపీసీ సెక్షన్ల పక్కన సీఆర్‌పీసీ 437 అని పాత అలవాటుగా రాస్తే కొట్టేయరు కానీ రిటర్న్ అవుతుంది. ఒక వాయిదా పోతుంది. లోపలున్న ముద్దాయికి ఆ ఒక్క వాయిదా వారం.

ఏ స్టేషను? మోసపు మాటలు ద్వారకానగర్‌లో, డబ్బు కదిలింది పెందుర్తి నుంచి. సంహిత 202 ప్రకారం మోసపోయినవాడు సొత్తు ఇచ్చిన చోటు గానీ, ముద్దాయి అందుకున్న చోటు గానీ సరిపోతుంది. ఫోన్ మెసేజీలతో మోసం జరిగితే పంపిన చోటు, అందిన చోటు రెండూ పనికొస్తాయి. రెండు స్టేషన్లలో ఏదైనా సరే. సబ్బవరం మాత్రం స్థలం ఉన్న చోటే తప్ప నేరం జరిగిన చోటు కాదు. స్థలం అక్కడుంది కదా అని అక్కడికి తోసేసే ప్రయత్నం జరిగితే జీరో ఎఫ్‌ఐఆర్ అడగాలి. పరిధితో పని లేకుండా రిపోర్టు తీసుకోవాలని 173(1)లోనే ఉంది.

ఏ మేజిస్ట్రేటు? ఇక్కడ చాలామంది చట్టం పుస్తకంలో వెతుకుతారు, దొరకదు. 12వ సెక్షన్ కింద ఏ మేజిస్ట్రేట్‌కి ఏ ప్రాంతం అన్నది హైకోర్టు అదుపుకి లోబడి చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ నిర్ణయిస్తారు. అది స్టేషన్ల వారీ పట్టికగా కోర్టు ఆఫీసులో ఉంటుంది. ఆ పట్టిక మారినప్పుడు ఒక ఫొటో తీసి ఫోన్లో పెట్టుకున్న గుమస్తా నెలకి రెండు రిటర్నులు తప్పిస్తాడు. స్టేషన్ పేరు చెప్పి బెంచి క్లర్కును అడగడం కూడా పద్ధతే, నామోషీ ఏం లేదు.

రిమాండుకి ఈ పట్టింపు అంత ఉండదు. అరెస్టు చేసిన 24 గంటల్లో దగ్గర్లోని మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఆయనకి విచారణ పరిధి ఉన్నా లేకపోయినా. 58, 187 సెక్షన్లు రెండూ ఆ మాటే చెబుతున్నాయి. 467కి జీవిత ఖైదు దాకా ఉంది కాబట్టి చార్జిషీటు గడువు 90 రోజులు. 420 ఒక్కటే అయితే 60 రోజులు. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులే, కానీ 90 రోజుల కేసులో దాన్ని మొదటి 60 రోజుల్లోపు విడతలుగా అడగొచ్చు. బెయిల్ వేసేవాళ్లు మర్చిపోయేది ఇదే: మొదటి 15 రోజులు దాటాయి కదా, ఇక కస్టడీ పిటిషన్ రాదు అనుకుంటే దెబ్బ తింటారు.

ముందస్తు బెయిల్ 482 కింద సెషన్స్‌లో. ద్వారకానగర్ నగర హద్దులోది కాబట్టి నగర సెషన్స్ డివిజన్. పిటిషన్ తల ఇలా ఉంటే గొడవ ఉండదు: పై వరసలో సెషన్స్ కోర్టు పేరు, ఇటీవల నంబరు పడిన ఏదైనా పిటిషన్ డాకెట్ (పై అట్ట) మీద ఎలా ఉంటే అక్షరం పొల్లు పోకుండా అలాగే. కింది వరసలో ‘క్రైమ్ నంబరు ఇంత ఆఫ్ 2024, ఫలానా పోలీసు స్టేషన్, ఐపీసీ 406, 420, 467, 468, 471’. మూడో వరసలో ‘సంహిత సెక్షన్ 482 కింద పిటిషన్’. పేరు మన తెలివితో కొత్తగా కట్టకూడదు. కోర్టుల ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-కోర్ట్స్‌లో ఆ కోర్టు ఏ పేరుతో ఉందో ఆ పేరుకే ఈ-ఫైలింగ్ అంటుకుంటుంది, కేసుని గుర్తించే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు దాని మీదే పుడుతుంది.

ఏడేళ్ల నేరం, మూడేళ్ల మేజిస్ట్రేటు

చార్జిషీటు పడి మేజిస్ట్రేటు కోర్టులో సీసీ (కేసు) నంబరు వచ్చింది. 420కి ఏడేళ్ల దాకా శిక్ష. 467కి జీవిత ఖైదు దాకా. అయినా ఏ నేరం ఏ కోర్టు వినాలో చెప్పే షెడ్యూలులో రెండూ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ విచారించేవే. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వాటికి సరిపోయే 318(4), 338 కూడా అంతే. కానీ సురక్షా సంహిత 23వ సెక్షన్ కింద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ వేయగలిగేది మూడేళ్లు, 50 వేల జరిమానా, లేదా సమాజ సేవ. వేర్వేరు నేరాలకి శిక్షలు ఒకదాని తర్వాత ఒకటి అనుభవించమన్నా, మొత్తం ఒక్క నేరానికి ఆ కోర్టు వేయగల దానికి రెట్టింపు మించకూడదు. అంటే ఆరేళ్లు.

ఫిర్యాదిదారు వకీలుకి ఇక్కడ ఒక పని ఉంది, ఎక్కువమంది చేయరు. సాక్ష్యం పూర్తయ్యాక మూడేళ్లు చాలవని మేజిస్ట్రేట్‌కి అనిపిస్తే 364 కింద తన అభిప్రాయం రాసి రికార్డునూ ముద్దాయినీ చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్‌కి పంపొచ్చు. అక్కడ ఏడేళ్ల దాకా వేయొచ్చు. దాని కోసం వాదనల్లోనే మెమో వేయాలి, పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా. తీర్పు చదివేశాక ఈ దారి మూసుకుపోతుంది. ‘దోషి’ అని తీర్పు రాసి, శిక్ష వినడానికి వాయిదా వేశాక గుర్తొచ్చి పరిగెత్తడం దండగ. 364 పంపేది అభిప్రాయంతో, తీర్పుతో కాదు.

పాత చట్టంలో నగరంలో ఇలా పంపేది చీఫ్ మెట్రోపాలిటన్‌కి. ఇప్పుడు చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ కుర్చీకి. ఆ కుర్చీ నగరానికి ఎవరిదో తేల్చుకోవడానికి మళ్లీ మూడో కాగితం, హైకోర్టు ఉత్తర్వు చూడాలి. 10వ సెక్షన్ కింద ఆ నియామకం హైకోర్టుదే.

ఒకవేళ కోర్టు తప్పిందనుకుందాం. ఏ తప్పు మన్నిస్తారు, ఏది మన్నించరు? చోటు తప్పితే 508 కాపాడుతుంది. వేరే డివిజన్‌లో విచారణ జరిగిందన్న ఒక్క కారణంతో తీర్పు పోదు, దానివల్ల న్యాయం దెబ్బతిన్నదని చూపితే తప్ప. అధికారం తప్పితే కాపాడేది లేదు. విచారించే శక్తే లేని మేజిస్ట్రేట్ విచారిస్తే 507 కింద ఆ నడక అంతా శూన్యం. పెందుర్తి కేసు ద్వారకా పరిధి మేజిస్ట్రేట్ విన్నారంటే అది చోటు పొరపాటు. సెషన్స్ కేసు మేజిస్ట్రేటే విని శిక్ష వేశారంటే అది అధికార పొరపాటు. అప్పీలు గ్రౌండ్లలో ఈ రెండూ కలిపి రాస్తే బలమైనది కూడా బలహీనంగా కనిపిస్తుంది.

పోయిన కుర్చీ ఇంకొకటి

మెట్రోపాలిటన్ గురించే అందరూ మాట్లాడతారు. దానికంటే పని మీద ఎక్కువ ప్రభావం చూపేది అసిస్టెంట్ సెషన్స్ జడ్జి పోవడం. ఆంధ్రలో సీనియర్ సివిల్ జడ్జిలు చాలామంది ‘కమ్ అసిస్టెంట్ సెషన్స్ జడ్జి’గా ఉండి పదేళ్ల దాకా శిక్ష పడే సెషన్స్ కేసులు వినేవాళ్లు. సంహితలో ఆ తరగతే లేదు. జూలై 1 తర్వాత కమిట్ అయ్యే (మేజిస్ట్రేట్ సెషన్స్‌కి పంపే) కొత్త కేసులన్నీ సెషన్స్ జడ్జి, అదనపు సెషన్స్ జడ్జిల మీదే పడతాయి. పాతవి 531 కింద అక్కడే సాగుతాయి. ఒకే కోర్టు హాల్లో ఒక కేసు అసిస్టెంట్ సెషన్స్ హోదాలో, పక్క కేసు సివిల్ హోదాలో నడుస్తుంటే కంగారు పడనక్కర్లేదు.

కమిటల్‌కి గడువు కూడా వచ్చింది. 232 కింద కాగ్నిజెన్స్ తీసుకున్న (కేసును స్వీకరించిన) నాటినుంచి 90 రోజుల్లో పంపాలి, కారణాలు రాసి 180 దాకా పొడిగించొచ్చు. కమిటల్‌కి ముందు మేజిస్ట్రేట్ దగ్గర పడే పీఆర్‌సీ నంబరు మీద ముద్దాయి హాజరు కోసం ఏళ్లు గడిపే పాత పద్ధతికి ఇది అడ్డు. ముద్దాయిల్లో ఒకడు పారిపోతే వాడి భాగం విడదీసి మిగతావాళ్లని పంపమని పిటిషన్ వెంటనే వేయాలి. లేదంటే 180 రోజుల ఆఖర్లో అందరి కాపీలూ సరిచూసే హడావుడి మొదలవుతుంది.

బ్యాంకులకి తగిలిన దెబ్బ

బాకీ కట్టనివాళ్ల తనఖా ఆస్తిని బ్యాంకులు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ పిటిషన్లు విశాఖలో తక్కువేం కాదు. ఆ సెక్షన్‌లో స్వాధీనం కోసం వెళ్లాల్సింది ‘చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ లేదా జిల్లా మేజిస్ట్రేట్’ దగ్గరికి. సంహిత మెట్రోపాలిటన్‌ని తీసేసింది, సర్ఫేసీలో ఆ మాట మిగిలే ఉంది. అప్పు తీసుకున్నవాడి తరఫు వకీలు మొదట పట్టుకునే పాయింటు ఇదే: ‘చట్టంలో చెప్పిన కోర్టే ఇప్పుడు లేదు.’

జవాబు 2019లోనే వచ్చింది. ఇండియన్ బ్యాంకు, విశాలాక్షి కేసులో సుప్రీంకోర్టు మెట్రోపాలిటన్ కాని ప్రాంతాల్లో చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ కూడా 14 కింద సమర్థుడే అని తేల్చింది. ఆ తీర్పు కాపీ, రద్దయిన చట్టం ప్రస్తావనని దాని స్థానంలో వచ్చినదానికి చదవమనే జనరల్ క్లాజెస్ చట్టం 8వ సెక్షన్, పైన చెప్పిన 531(2)(బి) మూడూ పిటిషన్‌తో జత చేస్తే చర్చ అక్కడితో ఆగుతుంది. అసలు ఈ పిటిషన్లు నిలిచిపోయేది ఎక్కువగా పరిధి మీద కాదు, అఫిడవిట్ మీద. 14వ సెక్షన్ అడిగే తొమ్మిది అంశాలూ విడివిడిగా డిక్లేర్ చేయాలి. బ్యాంకు పానెల్ వకీళ్లు ఇచ్చిన పాత నమూనాలో ఏడో ఎనిమిదో ఉంటాయి, తొమ్మిదోది తప్పిపోయి ఉంటుంది.

చెక్ బౌన్స్ కేసులది ఇంకో తీరు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 142వ సెక్షన్‌లో ‘మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ లేదా ఫస్ట్ క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేట్’ అని రెండూ ఉన్నాయి కాబట్టి ఒకటి పోయినా ఇబ్బంది లేదు. కానీ ఏ మేజిస్ట్రేట్ అన్నది స్టేషన్ పట్టికతో తేలదు. 2015 సవరణ తర్వాత చెక్కు ఖాతాలో వేస్తే, డబ్బు రావాల్సినవాడి ఖాతా ఉన్న బ్రాంచి ఏ పరిధిలో ఉంటే ఆ కోర్టు. మన ఫైల్లోని ఆయనకి ముద్దాయి ఇచ్చిన చెక్కు పెందుర్తి బ్రాంచిలో వేసి బౌన్స్ అయితే, 420 కేసు ద్వారకా పరిధిలోనూ 138 (చెక్ బౌన్స్) కేసు పెందుర్తి పరిధిలోనూ నడవొచ్చు. రెండు కేసులూ ఒకే కోర్టుకి తెచ్చుకోవాలంటే 448 కింద సెషన్స్ జడ్జిని అడగొచ్చు, రెండు కోర్టులూ ఒకే డివిజన్‌లో ఉన్నంతవరకు. డివిజన్ దాటితే 447 కింద హైకోర్టే.

గంజాయి కేసుకి స్టేషన్ పట్టిక పనికిరాదు

ఏజెన్సీ నుంచి కిందికి దిగే గంజాయి నర్సీపట్నంలో దొరకొచ్చు, విశాఖ రైల్వే స్టేషన్లో దొరకొచ్చు. కేజీ దాటితే శిక్ష పదేళ్ల దాకా, 20 కేజీలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. మూడేళ్లు మించి శిక్ష ఉన్నవన్నీ మత్తుమందుల (ఎన్‌డీపీఎస్) చట్టం 36ఎ కింద స్పెషల్ కోర్టే వినాలి. ఆ కోర్టును ప్రభుత్వం పెడుతుంది, జడ్జిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సమ్మతితో నియమిస్తుంది. సంప్రదింపు కాదు, సమ్మతి. ఈ తేడా కావాలనే పెట్టారు. ఆ జడ్జి అప్పటికే సెషన్స్ లేదా అదనపు సెషన్స్ జడ్జి అయి ఉండాలి.

మేజిస్ట్రేట్ 15 రోజుల దాకా రిమాండు ఇచ్చి స్పెషల్ కోర్టుకి పంపాలి. కమిటల్ ఉండదు, స్పెషల్ కోర్టు నేరుగా కాగ్నిజెన్స్ తీసుకుంటుంది. ఇక్కడ మెట్రో ఉందా లేదా అన్న చర్చే అనవసరం. స్పెషల్ కోర్టు నోటిఫికేషన్‌లో ఏ ప్రాంతం రాసి ఉందో అదే దాని పరిధి. పోక్సో, ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కోర్టులకీ ఇదే తర్కం. ఎస్సీ ఎస్టీ కేసులో బెయిల్ తిరస్కరిస్తే హైకోర్టులో వేయాల్సింది బెయిల్ పిటిషన్ కాదు, 14ఎ కింద అప్పీలు. అది తెలియక బెయిల్ పిటిషన్ వేసి రెండు వారాలు పోగొట్టుకోవడం ఇప్పటికీ చూస్తుంటాం.

కుర్చీ ఖాళీగా ఉంటే

జడ్జి బదిలీ అయ్యారు, కొత్తవారు చేరలేదు. ఆ కోర్టు పని ఇన్‌ఛార్జ్‌కి. ఇన్‌ఛార్జ్ అత్యవసరమైనవి వింటారు, మిగతావి మామూలుగా వాయిదా. అందుకే బెయిల్, ఇంజంక్షన్ లాంటి పిటిషన్ మీద ‘అర్జెంటు’ మెమో విడిగా పెట్టాలి. మెయిన్ పిటిషన్ లోపల ఒక పేరాలో రాస్తే కనబడదు.

నియామకమే చెల్లదని తర్వాత తేలితే? ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన గోకరాజు రంగరాజు కేసులో 1981లో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. నియామకం రద్దయినా, అప్పటిదాకా ఆ కుర్చీలో పైకి చెల్లేదిగా కనిపించే అధికారంతో కూర్చుని ఇచ్చిన తీర్పులు చెల్లుతాయి. కక్షిదారు తన అప్పీలులో పక్కదారిగా జడ్జి నియామకాన్ని ప్రశ్నించలేడు. మెట్రోపాలిటన్ పేరుతో జూలై 1 తర్వాత సంతకమైన ఉత్తర్వుల మీద ఎవరైనా ఆ పాయింటు లేవదీస్తే, 531 చాలదనిపించిన చోట ఈ తీర్పు తీయాలి.

జిల్లా జడ్జి పోస్టుల్లో నాలుగోవంతు నేరుగా భర్తీ అవుతాయి. ప్రమోషన్‌తో వచ్చేవాళ్లలో పోటీ పరీక్ష ద్వారా వచ్చే వాటాని 2025 మేలో సుప్రీంకోర్టు 10 నుంచి 25 శాతానికి పెంచింది. అదే తీర్పులో జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. జూనియర్లు తమ వకాల్తాల మీద పేరు పడేలా చూసుకోవాల్సిన కాలం ఇది.

స్థలం సంగతి

మన ఆయనకి డబ్బే కాదు, స్థలం మీద హక్కు కూడా కావాలంటే సివిల్ దావా వేరు. అక్కడ మెట్రో, సంహిత, స్టేషన్ పట్టిక ఏవీ లెక్కలోకి రావు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 16 కింద స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి కోర్టు, అంటే సబ్బవరం మీద పరిధి ఉన్న కోర్టు. 15 కింద దావా విలువకి సరిపోయే అతి కింది గ్రేడు కోర్టులోనే మొదలుపెట్టాలి. జూనియర్, సీనియర్, జిల్లా కోర్టుల విలువ హద్దులు 1972 సివిల్ కోర్టుల చట్టం 16లో, అప్పీలు ఎక్కడికన్నది 17లో ఉంటాయి. హద్దుల్ని సవరణలతో పెంచుతూ వచ్చారు కాబట్టి పాత డైరీలో రాసుకున్న అంకె మీద కోర్టు ఫీజు కట్టకూడదు. తప్పు కోర్టులో వేస్తే ఆర్డర్ 7 రూల్ 10 కింద ప్లెయింటు (దావా పత్రం) వాపసు వస్తుంది, కొట్టేయరు. ప్రతివాది మొదటి అవకాశంలోనే అభ్యంతరం చెప్పకపోతే 21 కింద తర్వాత చెప్పనివ్వరు.

అదే స్థలం సబ్బవరంలో కాక పాడేరు దగ్గర ఉందనుకోండి, దావా అసలు ఈ కోర్టుల దాకా రాదు. ఏజెన్సీలో సివిల్ తగాదాలు 1924 ఏజెన్సీ రూల్స్ కింద ఏజెన్సీ డివిజనల్ ఆఫీసరు, గవర్నమెంటు ఏజెంటు హోదాలో కలెక్టరు ముందుకి వెళ్తాయి. అంతకు ముందే ఇంకో అడ్డు ఉంది. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, 1970 సవరణ తర్వాత, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి అమ్మేవాడు గిరిజనుడైనా కాకపోయినా, కొనేది గిరిజనుడో పూర్తిగా గిరిజనుల సహకార సంఘమో అయితే తప్ప ఆ బదిలీ పుట్టుకతోనే శూన్యం. పెందుర్తి ఆయన గిరిజనేతరుడైతే లింకు డాక్యుమెంటు అసలుదైనా ఆయన చేతికి వచ్చేది ఏమీ లేదు. అప్పుడు 467 పక్కన పెట్టి, అమ్మకానికి పెట్టలేని భూమిని అమ్ముతానన్నాడని 420 మీదే ఫైలు కట్టాలి.